కుట్టుమిషను డబ్బుతో మగవాళ్ళ కీర్తిమందిరం

ఆటగాళ్ళ కీర్తిమందిరం ఏ ఊళ్ళో కడితే మనకేమిటని ఎవరైనా అడగవచ్చు. వరకట్న చావులు, అత్యాచారాలు, కూలి రేట్లు ఉండగా ఈ చర్చ దేనికని మనలోనే కొందరికి అనిపించవచ్చు. కానీ ఒక దేశం తన ఆటల చరిత్రకు గుడి ఎక్కడ కడుతుంది, ఎవరి మాట నమ్మి కడుతుంది, ఎవరి డబ్బుతో కడుతుంది, ఎవరిని లోపలికి రానిస్తుంది అన్నవి అధికారానికి సంబంధించిన ప్రశ్నలని నేననుకుంటున్నాను. అమెరికాలోని జాతీయ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ కథ చూస్తే ఇది స్పష్టమవుతుంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ జనాభా రెండు వేలు కూడా లేదు. 1939 జూన్ 12న హాల్ ఆఫ్ ఫేమ్ ప్రారంభమైంది అక్కడే. పెద్ద నగరాలన్నిటినీ కాదని ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నారు? 1839లో అబ్నర్ డబుల్‌డే ఈ ఆటను అక్కడే కనిపెట్టాడట. తర్వాత సైన్యంలో జనరల్ అయినవాడు. ఆ మాట తేల్చింది క్రీడా సామగ్రి వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్ చొరవతో 1905లో ఏర్పడిన కమిషన్. సభ్యులంతా మగవాళ్ళే. 1907లో వాళ్ళు ఇచ్చిన తీర్పుకు ప్రధాన ఆధారం అబ్నర్ గ్రేవ్స్ అనే ముసలాయన రాసిన ఉత్తరం. 1839లో ఆయన వయసు అయిదేళ్ళు. డబుల్‌డే ఆ సంవత్సరం వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో ఉన్నాడు. ఆట తానే కనిపెట్టానని ఆయన బతికుండగా ఎన్నడూ చెప్పుకోలేదు.

అయిదేళ్ళ మగపిల్లవాడి జ్ఞాపకం ఒక జాతి చరిత్ర అయింది. మన కోర్టుల్లో, పోలీసు స్టేషన్లలో నిన్న జరిగిన అఘాయిత్యం గురించి స్త్రీ చెబితే ఎన్ని సాక్ష్యాలు అడుగుతారో ఈ పత్రిక చదివేవారికి చెప్పక్కర్లేదు. జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ అబ్బే’ 1817 చివర్లో అచ్చయింది. అందులో కథానాయిక చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడేదని ఉంది. డబుల్‌డే పుట్టకముందే ఆస్టెన్ రాసిన నవల అది. ఒక స్త్రీ రాసిన పుస్తకంలో, ఒక ఆడపిల్ల ఆడిన ఆటగా కనిపించే బేస్‌బాల్‌కు మూలపురుషుడిగా ఒక సైనికాధికారిని నిలబెట్టారు.

ఇక డబ్బు సంగతి. ఈ మందిరానికి అండగా నిలిచి, దాన్ని తన ఊరికి తెచ్చుకున్నది స్టీఫెన్ క్లార్క్. 1839 నాటిదని చెప్పిన ఒక పాత బంతిని అయిదు డాలర్లకు కొన్నదీ ఆయనే. ఆర్థిక మాంద్యంలో దెబ్బతిన్న ఊరికి యాత్రికులు వస్తారని ఆశ. క్లార్కుల సంపద ఎక్కడిది? సింగర్ కుట్టుమిషను కంపెనీది. స్టీఫెన్ తాత ఎడ్వర్డ్ క్లార్క్ ఐజాక్ సింగర్‌కు భాగస్వామి. ఒకేసారి డబ్బు పెట్టలేని కుటుంబాలకు వాయిదాల మీద మిషను అమ్మే పద్ధతిని 1856లో తెచ్చింది ఆయనే. ఇళ్ళల్లో, కార్ఖానాల్లో ఆడవాళ్ళు వంగి కూర్చుని కుట్టిన కుట్లు ఆ సంపదలో ఉన్నాయి. స్త్రీల ఉపాధి పథకం అనగానే కుట్టుమిషను పంచే మనకు ఈ సంగతి కొంచెం గట్టిగానే తగలాలి. మిషను తొక్కే చేతికి ఏం మిగిలింది, అమ్మినవాడి మనవడికి ఏం మిగిలింది?

ఇప్పుడు లోపలికి వెళదాం. గౌరవం పొందినవారు మూడు వందలకు పైనే. స్త్రీ ఒక్కతే, ఎఫా మాన్లీ. ఆమెను ఎన్నుకున్నది 2006లో, అదీ జట్టు యజమానిగా, క్రీడాకారిణిగా కాదు. ఆడినవాళ్ళు లేక కాదు. 1943 నుంచి 1954 దాకా సాగిన స్త్రీల వృత్తి లీగులో ఆరు వందల మందికి పైగా ఆడారు. ఆ లీగు నల్లజాతి స్త్రీలను రానివ్వలేదు. టోనీ స్టోన్ 1953లో నల్లజాతి మగవాళ్ళ జట్టు ఇండియానాపోలిస్ క్లౌన్స్‌లో చేరి ఆడింది. లీగు స్త్రీలకు 1988లో దక్కింది అందరికీ కలిపి ఒక ప్రదర్శన. ఎవరి పేరునా కంచు ఫలకం లేదు.

‘వాళ్ళు మేజర్ లీగుల్లో ఆడలేదు కదా, నిబంధన ప్రకారం పది సీజన్లు ఆడాలి’ అంటారు. ఎందుకు ఆడలేదు? ఒక మైనర్ లీగు జట్టు 1952లో ఒక స్త్రీని తీసుకోబోతే, ఇకపై స్త్రీలతో ఒప్పందాలు చేయరాదని మైనర్ లీగుల అధ్యక్షుడు నిషేధం పెట్టాడు. దానికి బేస్‌బాల్ కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ మద్దతిచ్చాడు. హాల్ ఆఫ్ ఫేమ్ ఆలోచనకు ఆద్యుల్లో ఒకడైన ఆయనకు 1970లో అందులో చోటు దొరికింది. ముందు తలుపు మూసి, తర్వాత లోపల ఎన్నేళ్ళున్నారని అడగడమే ఈ నిబంధన.

నిబంధనలు మార్చలేనివేమీ కావు. నల్లజాతి లీగుల ఆటగాళ్ళకు చోటు లేకపోవడం తప్పని టెడ్ విలియమ్స్ 1966లో ఆ వేదిక మీదే అన్నాడు. 1971లో శాచెల్ పైజ్‌కు తలుపు తెరిచారు. 2006లో ప్రత్యేక కమిటీ ఒకేసారి 17 మందిని ఎన్నుకుంది. మాన్లీ వాళ్ళలో ఒకరు. వర్ణవివక్ష వల్ల పోయిన అవకాశాన్ని లెక్కలోకి తీసుకోగలిగిన సంస్థ, లింగవివక్ష వల్ల పోయినదాన్ని ఎందుకు తీసుకోదు?

మన దేశంలోనూ ఇలాంటి మందిరం మాట వచ్చినప్పుడల్లా నగరాలు పోటీ పడతాయి. స్థలం, హోటళ్ళు, విమానాశ్రయం చూపిస్తాయి. మనం అడగాల్సినవి వేరు. ఎంపిక కమిటీలో స్త్రీలు ఎందరు? ఆ ఊళ్ళో బడి ఆడపిల్లలకు మైదానం ఉందా, మరుగుదొడ్డి ఉందా, శిక్షకుడి వేధింపుపై ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉందా? గెలుపును దేనితో కొలుస్తారు? శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్‌ను చేర్చిందే 2000లో. ఆ ఏడాది సిడ్నీలో ఆమె కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ స్త్రీ అయింది. పతకాలు మాత్రమే లెక్కపెట్టే గుడికి 1999 దాకా ఆమె కనబడేది కాదు.

కాబట్టి మందిరం ఏ నగరానికి అన్న వాదన మొదలైన రోజునే మనం అక్కడ ఉండాలి. గోడలు లేచాక ఒక మూల ఆడవాళ్ళ గది అడిగితే ఇచ్చేది ఆ మూలే.