వీడియో ఉంది కదా అంటే సరిపోతుందా?

కూలి నుంచి వచ్చి, వంట ముగించి, అందరూ తిన్నాక ఫోన్లో వీడియో పెట్టుకుని బిడ్డ కాళ్లు చాపుతున్న తల్లులు మనలో చాలామందికి తెలుసు. వీడియోలో మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. చేతులు కదిలే తీరు చూసి తనూ అలాగే చేస్తుంది. బిడ్డ ఏడిస్తే తప్పు తనదేనేమోనని కుంగిపోతుంది. తండ్రి ఏం చేస్తున్నాడని మాత్రం ఎవరూ అడగరు.

ఆమె వెతకడం తప్పు కాదు. జిల్లా ఆస్పత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. కానీ వీడియోకి ఆమె బిడ్డ సంగతి తెలియదు. సెరిబ్రల్ పాల్సీ వల్ల కండరాలు బిగుసుకున్న బిడ్డ కాళ్లని నెమ్మదిగా చాపాలి. విసురుగా లాగితే ఇంకా బిగుసుకుంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ దగ్గర ఎముకల పట్టు తక్కువ. వాళ్లచేత పిల్లిమొగ్గలు వేయిస్తే వెన్నుపాముకే ప్రమాదం. ఒక బిడ్డకి మేలు చేసే వ్యాయామం మరో బిడ్డకి హాని చేయొచ్చు.

అలాగని భయపడి పిల్లల్ని కూర్చోబెట్టడమూ అన్యాయమే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆటపాటలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వైకల్యం ఉన్న పిల్లలకీ అదే మాట చెప్పింది.

మరి నేర్పే బాధ్యత ఎవరిది? ఆదాయ పరిమితికి లోబడి, ముఖ్యంగా గ్రామాల్లో, దగ్గరలోనే ఉచిత వైద్యం అందేలా చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రభుత్వాలకి చెబుతోంది. మన మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడికి ఫిజియోథెరపిస్టు నెలకి ఎన్ని రోజులు వస్తున్నారో మన సంఘాలు వెళ్లి అడగాలి.

ముందు ఫిజియోథెరపిస్టు బిడ్డని చూడాలి. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ నేర్పాలి. ఆ బిడ్డచేత చేయిస్తున్నప్పుడే వాళ్ల ఫోన్లో వీడియో తీసుకోనివ్వాలి. ఏది చేయకూడదో, ఎప్పుడు ఆపాలో తెలుగులో చెప్పాలి. ఇంటికెళ్లాక ఆ తల్లి చూడాల్సిన వీడియో అది.

ఇది దయ కాదు, హక్కు. అమ్మ ప్రేమని పొగిడి, ప్రభుత్వం చేయాల్సిన పనినీ తండ్రి వాటానీ ఆమె నెత్తినే పెడితే మనం ఊరుకోకూడదు.