విజ్ఞాన వినోదము: కదలు బొమ్మకు మసక యేల?



చల్ల చిలుకునపుడు కవ్వపు రెక్కలు విడివిడిగా గానరావు. ఒక్క గుండ్రని నీడవలె దోచును. ఈ మసకయే కదలికకు గుర్తు. దీనికే మోషన్ బ్లర్ అని పేరు. కంప్యూటరుతో బొమ్మలు గల్పించువారికి దీనిని త్వరగాను, సహజముగాను దెచ్చుట పెద్దపని.

చలనచిత్రమునకు సెకనుకు 24 పటములు. కెమెరా సాధారణముగా నొక్కొక్క పటమునకు సెకనులో 48వ వంతు కాలము కన్ను దెరచియుండును. ఆలోపల గదలినది చారవలె బడును. మన బోథు మండలమందలి పొచ్చెర జలపాతమును, కెమెరా కన్ను మరికొంతసేపు తెరచి తీసినచో, నీరు ఏకిన ప్రత్తివలె గనబడుటకు నిదియే హేతువు. కంప్యూటరు మాత్రము కాలమును సూదిమొనపై నిలిపి గీయును. అట్టి పటములను వరుసగా ద్రిప్పినచో గదలిక తడబడుచు నుండును.

దీనికి రెండుపాయములు గలవు. 1984లో రాబర్ట్ కుక్, థామస్ పోర్టర్, లోరెన్ కార్పెంటర్ అను మువ్వురు ప్రకటించినది మొదటిది. పటమందలి ప్రతి చుక్కకును పంపు కిరణములను, కన్ను దెరచియున్న కాలమందలి వేర్వేరు నిమేషములకు బంచి సగటు గట్టుదురు. ఫలము సహజము. కిరణములు తగ్గినచో నిసుక చల్లినట్లు గరుకుదేరును. పెంచినచో గంటలు గడచును. రెండవది, స్పష్టమైన పటము నొక్కటే గీసి, ప్రతి చుక్క యేవైపున కెంత కదలుచున్నదో గుర్తించి, ఆ వైపునకు రంగును బులుముట. ఇది మిక్కిలి త్వరితము. కాని త్రోవ తిన్ననిదే యని తలచును. వస్తువు వెనుక మరుగుపడినదానిని ఎరుగదు. అందుచే నంచులు చెడును.

2012లో రాజమౌళిగారు తీసిన ‘ఈగ’ను మీరు చూచియే యుందురు. అందలి చిత్రకల్పనకు మకుట సంస్థ జాతీయ పురస్కారము నందెను. ఈగ రెక్కలు సెకనుకు సుమారు 200 మారు లాడును. అనగా కెమెరా కన్ను దెరచిన యా స్వల్పకాలములోనే నాలుగు మారులు! ఇచట తిన్నగా బులిమిన రంగు పనికిరాదు, కిరణములే శరణ్యము. ఈగ వెనుక మెల్లగా జరుగు గోడకన్ననో పులుముడు చాలును. అన్ని వంటలకును నేయి వాడు గృహిణి యుండదు గదా!

మా వీధి బాలిక యొకతె యీ విద్య నభ్యసించుచున్నది. రేయింబవళ్లు యంత్రము ముందే కూర్చున్నదని యింటివారు మాన్పింప జూచుచున్నారు. వారికి మేము లెక్క చెప్పితిమి: అయిదు సెకనుల బొమ్మకు 120 పటములు, పటమునకు పది నిమిషములైన 20 గంటలు, ఒక్క నిమిషమైన రెండే గంటలు. ఏది యెచట వాడవలయునో తెలిసికొనుటయే యామె చదువు. బ్లెండర్ అను సాధనమున నీ రెండు పద్ధతులును గలవు. దానికి వెల లేదు. కావలసినది ఓరిమియు, చూపును. ముగ్గు వంకరపోయిన చోటు నిట్టె పట్టు కన్నులు మన బాలికలకు గలవు.

తల్లులారా! బొమ్మలాట యని యీ విద్యను త్రోసివేయకుడు. బిడ్డ ప్రక్కన నొకగడియ కూర్చుండి, ఏమి చేయుచున్నావని యడుగుడు. ఆపైన నిర్ణయింపుడు.