అందరూ హైన్రిష్‌లే!

తాత పేరు మనుమనికి పెట్టుకొనే ఆచారం మన దేశంలో అనేక కుటుంబాలకు ఉన్నదే. పేరు నిలిస్తే వంశం నిలిచినట్లేనన్న నమ్మకం దాని వెనుక ఉంది. ఆ నమ్మకాన్ని కొస వరకు లాగిన రాజవంశం ఒకటి జర్మనీలో ఉంది. అది రాయిస్ వంశం. అందులో పుట్టిన మగపిల్లలందరి పేరూ ఒక్కటే: హైన్రిష్. అన్న హైన్రిష్, తమ్ముడు హైన్రిష్, పినతండ్రి కొడుకులూ హైన్రిష్‌లే.

థురింగియా సీమలో గ్రైట్స్, గేరా, ష్లైట్స్ పట్టణాల చుట్టూ వీరి సంస్థానాలుండేవి. వీరి పూర్వులు పవిత్ర రోమన్ సామ్రాజ్యపు చక్రవర్తుల పక్షాన ఆ ప్రాంతాన్ని పాలించిన అధికారులు. 1197లో మరణించిన చక్రవర్తి ఆరవ హైన్రిష్ పట్ల కృతజ్ఞతతో ఆయన పేరు స్వీకరించారని వంశంలో చెప్పుకుంటారు. మర్యాదగా మొదలైన ఈ అలవాటు 17వ శతాబ్దంలో కుటుంబ శాసనంగానే మారింది.

అందరికీ ఒకే పేరయితే ఎవరెవరో తెలిసేదెట్లా? అంకెలే గతి. ఇతర రాజవంశాలలో సింహాసనమెక్కినవారికే సంఖ్య ఉంటుంది. ఇక్కడ ప్రతి మగశిశువుకూ ఒక సంఖ్య. పసితనంలోనే కన్నుమూసినా ఆ సంఖ్య అతనిదే. గ్రైట్స్‌లోని పెద్ద శాఖవారు నూరు వరకు లెక్కించి, తిరిగి ఒకటితో మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నారు. చిన్న శాఖవారు శతాబ్దం మారినప్పుడల్లా కొత్త లెక్క ఆరంభించేవారు.

అందుకే చిన్న శాఖ పాలకుల పట్టిక చదివేవారికి తల తిరుగుతుంది. 1848 విప్లవకాలంలో 72వ హైన్రిష్ సింహాసనం వదులుకోగా ఆయన రాజ్యం 62వ హైన్రిష్‌కు చేరింది. ఆయన తరువాత తమ్ముడు 67వ హైన్రిష్ గద్దెనెక్కాడు. 1867లో ఆ తమ్ముడికి వారసుడైన కుమారుడు 14వ హైన్రిష్! 1832లో పుట్టినవాడు గనుక కొత్త శతాబ్దపు లెక్కలో అతనికి దక్కిన అంకె అది.

రెండు శాఖల రాజ్యాలూ కలిపినా విస్తీర్ణం పన్నెండు వందల చదరపు కిలోమీటర్లకు మించదు. ఇంత చిన్న ఇంటి పేరు యూరపు చరిత్రలో నిలిచిందంటే అది ఈ అంకెల హైన్రిష్‌ల వల్ల కాదు. అంకెలు లేని ఆడపిల్లల వల్ల.

ఆడపిల్ల ‘ఆడ’ పిల్లే గాని ‘ఈడ’ పిల్ల కాదని మనలో ఒక మాట ఉంది. రాయిస్ వంశీయుల దృష్టీ అంతకంటే భిన్నమైనది కాదు. కుమార్తెలకు గద్దె మీద హక్కు లేదు. ఎవరి పేరు వారికి పెట్టి, యుక్తవయసు రాగానే మెట్టినింటికి పంపేవారు. అట్లా వెళ్లినదే ఎబెర్స్‌డార్ఫ్ శాఖకు చెందిన ఆగుస్టా. 1757లో పుట్టిన ఆమె 1777లో కోబర్గ్ యువరాజు ఫ్రాంజ్‌ను వివాహమాడింది. కోబర్గ్ కూడా చిన్న సంస్థానమే. అయినా ఆమె కుమారుడు లియోపోల్డ్ 1831లో బెల్జియం దేశానికి తొలి రాజయ్యాడు. అది చూసి ఆ ఏడే ఆమె కన్నుమూసింది. ఆమె కుమార్తె బిడ్డ విక్టోరియా 1837లో బ్రిటన్ రాణి అయింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో భారత సామ్రాజ్ఞిగా ప్రకటించబడినదీ ఆ విక్టోరియాయే. ఆమె భర్త ఆల్బర్ట్ కూడా పరాయివాడు కాదు. ఆగుస్టా పెద్దకొడుకు బిడ్డ. అంటే విక్టోరియాకు మేనమామ కొడుకు.

కోస్ట్రిట్స్ శాఖ ఆడపడుచు ఎలియనోర్ కథ వేరు. రష్యా-జపాన్ యుద్ధంలో ఆమె క్షతగాత్రులకు పరిచర్య చేసింది. 1908లో బల్గేరియా పాలకుడు ఫెర్డినాండ్‌ను పెళ్లాడి ఆ దేశపు రాణి అయిన తరువాత కూడా బాల్కన్ యుద్ధాలలో ఆసుపత్రి సేవ మానలేదు. 1917లో ఆమె మరణించింది.

పెద్ద శాఖలో చివరి మగవాడు 24వ హైన్రిష్. అస్వస్థుడైన ఆయన పేరిట ఇతరులే పాలన సాగించారు. 1918లో జర్మనీలోని గద్దెలన్నిటితోపాటు రాయిస్‌వారివీ కూలిపోయాయి. ఆయన చెల్లెలు హెర్మినే భర్తను పోగొట్టుకొని, అయిదుగురు బిడ్డల తల్లిగా ఉండి, 1922లో హాలెండులో ప్రవాసమున్న మాజీ కైజర్ రెండవ విల్‌హెల్మ్‌ను వివాహమాడింది. ఆ కైజర్ విక్టోరియా దౌహిత్రుడు. అంటే ఆగుస్టా వంశాంకురమే. నూటయాభై ఏళ్లనాడు ఒక ఆడపిల్లతో గడప దాటిన రక్తం మరొక ఆడపిల్లను చేపట్టింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం హెర్మినే సోవియట్ ఆక్రమిత మండలంలో నిర్బంధంలో ఉండి 1947లో మరణించింది.

చిన్న శాఖలో గేరా వారసుడు 45వ హైన్రిష్ నాటకాభిమాని. 1945లో సోవియట్ సైనికులు ఆయనను పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. 1962లో న్యాయస్థానం ఆయన మరణించినట్లు ప్రకటించింది. ఇప్పుడు ఆ పేరునూ ఆ అంకెలనూ మోస్తున్నది కోస్ట్రిట్స్ శాఖ ఒక్కటే.

నూరు వరకు లెక్కించి మళ్లీ మొదలుపెట్టాలనుకున్న పెద్ద శాఖ 24వ హైన్రిష్‌తో 1927లో అంతరించింది. ఏ అంకే దక్కని ఆగుస్టా సంతతివారు మాత్రం బ్రిటన్‌లోనూ బెల్జియంలోనూ నేటికీ సింహాసనాల మీద ఉన్నారు.