గొడ్డు మీద దయ సరే, పేడ ఎవరు ఎత్తాలి?

ముసలి ఎడ్లకూ, ఒట్టిపోయిన గేదెలకూ, సంత లారీల్లోంచి దించిన గొడ్లకూ ఊళ్ళలో చిన్న చిన్న ఆశ్రయాలు పెడతామని కొందరు ముందుకొస్తున్నారు. స్థలం చూస్తున్నారు, చందాలు పోగు చేస్తున్నారు, పనికి పల్లెలోంచి మనుషుల్ని అడుగుతున్నారు. మనం అందులో కలవాలా వొద్దా అని కార్యకర్తలు అడుగుతున్నారు. "అది ఆవు రాజకీయం, దగ్గరికి పోవద్దు" అని కొందరు, "మూగజీవాల పని, కాదనకూడదు" అని కొందరు. రెండు మాటల్లోనూ సగం నిజమే వుంది.

గొడ్డును ప్రేమించడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. బడికి పోవాల్సిన వయసులో ఆసాముల గొడ్ల వెనక తిరిగింది మన పిల్లలు. పళ్ళు చూసి ఎద్దు వయసు చెప్పేదీ, ఈత అడ్డం తిరిగితే అర్ధరాత్రి చెయ్యి పెట్టి దూడను లాగేదీ మన పెద్దలే. తిన్నదీ మనమే, అందులో దాపరికం ఏమీ లేదు. సాకినవాళ్ళని పక్కన కూర్చోబెట్టి, పలుపు పట్టనివాళ్ళు దయ గురించి పాఠం చెప్తామంటే వినాల్సిన పని లేదు. అలాగని ముసలి ఎద్దు ఆకలి అబద్ధం కాదు.

ఈ గొడ్లు రోడ్డు మీదకి ఎందుకొచ్చాయి? దుక్కికి ట్రాక్టరొచ్చింది. కోత మిషనొచ్చాక గడ్డివాములు తగ్గిపోయాయి. జెర్సీ ఆవుకి మగదూడ పుడితే అది పాలకీ కాదు, అరకకీ కాదు. అమ్ముదామంటే లారీని ఆపి కొడతారన్న భయం. 2019 పశుగణనలో దేశంలో దిక్కూమొక్కూ లేకుండా తిరిగే ఆవులూ ఎద్దులే సుమారు 50 లక్షలు తేలాయి. అమ్ముకునే దారి మూసినవాళ్ళు మేపే బాధ్యత మాత్రం తీసుకోలేదు. రెండెకరాల రైతు రాత్రిపూట పలుపు విప్పి వదిలేస్తే అది అతని పాపం ఒక్కటే కాదు.

సరే, ఆశ్రయం పెట్టాం అనుకుందాం. 20 గొడ్లు. లెక్క చూద్దాం, ఇది అయిదో తరగతి లెక్కే. ఒక గొడ్డుకి రోజుకి 6 కిలోల ఎండుగడ్డి చొప్పున 20కి 120 కిలోలు. ఏడాదికి దాదాపు 44 టన్నులు. ఎకరాకి రెండు టన్నుల వరిగడ్డి వస్తుందనుకున్నా 22 ఎకరాల గడ్డి కావాలి. పచ్చిమేత, తవుడు, చెక్క, ఉప్పు వేరే. నీళ్ళు తలకి 40 లీటర్లు వేసుకుంటే 800 లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. పేడ తలకి 10 కిలోలన్నా రోజుకి 200 కిలోలు.

లెక్కకి అందని పని ఇంకా వుంది. పళ్ళు అరిగిన గొడ్డు ఎండుగడ్డి నమలలేదు. తరిగి, తడిపి, తవుడు కలిపి పెట్టాలి. కూలబడి లేవలేని ఎద్దుని మెత్తటి గడ్డి మీద పడుకోబెట్టి రోజుకి నాలుగైదుసార్లు పక్క మార్చాలి. లేకపోతే పుండ్లు పడతాయి, కడుపు ఉబ్బుతుంది. పెరిగిన గిట్టలు కొయ్యాలి. కొత్తగా వచ్చిన గొడ్డుని మూడు వారాలు విడిగా కట్టెయ్యాలి. గాళ్ళు గానీ, 2022లో దేశమంతా ఊపేసిన లంపీ చర్మరోగం గానీ ఒకదానికి వుంటే మందంతా పడిపోతుంది. ఈసుకుపోయిన దూడనీ మావినీ ఉత్త చేతుల్తో ఎత్తితే ఆ జబ్బు మనిషికి అంటి నెలల తరబడి జ్వరం పట్టుకోవచ్చు. ఇదంతా చందా రసీదు మీద కనపడదు. రాత్రి రెండింటికి ఎద్దుని పక్క మార్చే మనిషే ఆశ్రయం. మిగతాది రేకుల షెడ్డు.

జైపూర్ దగ్గర హింగోనియా గోశాల సంగతి గుర్తు చేసుకోవాలి. గోపాలనకి ప్రత్యేకంగా మంత్రిని పెట్టుకున్న రాష్ట్రంలో, నగరపాలక సంస్థ నడిపిన గోశాల అది. 2016 జులైలో కాంట్రాక్టు కూలీలు జీతాలు అందక పని ఆపారు. పైన వానలు. పేడా బురదా కలిసి పేరుకుపోయి గొడ్లు అందులో కూరుకుపోయాయి. రెండు వారాల్లో 500కు పైగా చచ్చాయని పత్రికలు రాశాయి. ఆవుని తల్లి అన్నవాళ్ళు దేశమంతా వున్నారు. ఆ తల్లి కింద బురద తియ్యడానికి కూలి ఇవ్వని కూలీలు తప్ప వేరే దిక్కు లేకపోయింది. అక్కడ గొడ్ల చావుకి మొదటి కారణం కూలి ఎగ్గొట్టడమే.

ఇక చచ్చిన గొడ్డు. ముసలివాటినీ రోగిష్టివాటినీ చేర్చుకునే చోట చావు మామూలే. "మాదిగపల్లెకి కబురు పెట్టండి" అనే మాట అక్కడే మొదలవుతుంది. 1927లో మహద్ సభలో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని చెప్పింది ఈ వెట్టిని తెంచడానికే. 2016 జులైలో గుజరాత్ ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు వలుస్తున్న మన కుర్రాళ్ళని కారుకి కట్టి కొట్టారు. ఆగస్టులో మన అమలాపురంలో, కరెంటు షాకుతో చచ్చిన ఆవుని వలిచినందుకు ఇద్దరు అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టి కొట్టారు. పిలిచి పని చెప్పేదీ వాళ్ళే, చేస్తే కొట్టేదీ వాళ్ళే. గుజరాత్ దళితులు కళేబరాల్ని సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేసి, మాకు భూమి ఇవ్వండి అన్నారు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో వుంది. దాని ప్రకారం ఎస్సీ, ఎస్టీల చేత గొడ్డు కళేబరాన్ని మోయించడం, పారవేయించడం నేరం. కార్యకర్తలు ఈ ముక్క నోటికి తెచ్చుకోవాలి. దొమ్మ రోగంతో చచ్చిన గొడ్డుని ఎవరూ కొయ్యకూడదు, తోలు తియ్యకూడదు. ఆ సంగతి చెప్పకుండా పని చేయిస్తే మనిషి ప్రాణం పోతుంది.

షెడ్డు ఎక్కడ కడతారన్నదీ అడగాలి. మామూలుగా వేలు చూపించేది పల్లె పక్కన బంజరు మీదకే. 200 కిలోల పేడ కడిగిన నీళ్ళు ఎటు పారతాయి? కారంచేడు మరిచిపోలేదు కదా. 1985 జులైలో మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్ళు గేదెల్ని కడిగి నీళ్ళు పాడు చేస్తుంటే ఇదేమిటని అడిగాం. మర్నాడు, 17న, ఊరు మీద పడి ఆరుగురిని చంపారు. గొడ్డు నీళ్ళ కంటే మన తాగునీళ్ళు తక్కువ అని లెక్క వేసిన ఊళ్ళు ఇంకా వున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1977లోనే రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి గోవధ నిషేధం, రెండోది పేదలకిచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకుండా ఆపడానికి. మొదటిదాని కోసం లారీల వెంట పరిగెత్తినవాళ్ళలో ఒక్కరైనా రెండోదాని కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కారా?

కాబట్టి కలవాలా వొద్దా అన్న ప్రశ్నకి మన జవాబు: షరతులు పెట్టి కలుద్దాం.

1. పనివాళ్ళకి ప్రభుత్వం ప్రకటించిన కనీస కూలికి తగ్గకుండా నెల నెలా ఒకే తేదీన ఇవ్వాలి. వారానికి ఒకరోజు సెలవు, బూట్లు, చేతి తొడుగులు, సబ్బు. మూడు నెలల కూలి బ్యాంకులో వేశాకే మొదటి గొడ్డుని దించాలి.

2. పేడ పని ఒక్క కులానికి కట్టబెట్టకూడదు. చందా ఇచ్చిన పెద్దలు కూడా వారానికొకరోజు పార పట్టాలి. పట్టకపోతే దయ అనే మాట ఎత్తకూడదు.

3. చచ్చిన గొడ్డుకి ఆరడుగుల గొయ్యి మిషనుతో తవ్వించి, సున్నం పోసి పూడ్చే ఏర్పాటు ముందే రాసుకోవాలి. పల్లెకి కబురు రాకూడదు.

4. స్థలం తాగునీటికి దూరంగా వుండాలి. ఎవరి పట్టా మీదా, ఇవ్వాల్సిన ఇళ్ళస్థలాల మీదా పడకూడదు.

5. ప్రతి గొడ్డుకీ రిజిస్టరు: ఎవరిది, ఎక్కణ్ణించి వచ్చింది. పోలీసులు పట్టి తెచ్చిన గొడ్డు ఏ చిన్న రైతుదో, ఏ సాయెబుదో కావొచ్చు. 2017 నియమాల ప్రకారం కేసు తేలేదాకా మేపు ఖర్చు కూడా అతని నెత్తిన పడొచ్చు. పేదవాడి దగ్గర గుంజుకున్నదాన్ని రక్షించాం అనడానికి వీల్లేదు.

6. గడ్డి ఎంత వుందో అన్ని గొడ్లే. కమిటీలో సగం మంది పనివాళ్ళు, అందులో ఆడవాళ్ళు వుండాలి.

వీటికి ఒప్పుకుంటే మన చేతుల్లో వున్న పనితనం ఆ ముసలి ఎడ్లకి ఉపయోగపడుతుంది. జీవితమంతా మనతో పాటు ఆసామి చేలో కష్టపడ్డ జీవి అది. ఒప్పుకోకపోతే పార అక్కడే వదిలేసి రండి. గొడ్డుకి నీడ కావాలి, నిజమే. ఆ నీడ మళ్ళీ మన వెన్ను మీద వెయ్యడానికి ఒప్పుకోం. ఈ ఆరు షరతులూ వచ్చే ఆదివారం పల్లె మీటింగులో చదివి, సంతకాలు పెట్టించి, షెడ్డు పెడతామన్నవాళ్ళకి ఇవ్వండి. వాళ్ళేమన్నారో మాకు రాయండి.

జై భీమ్!