ముందు మిందొరో, తర్వాతే మనీలా

ఫిలిప్పీన్స్‌లో చదువుకుంటున్న, కొలువులు చేస్తున్న తెలుగువారికి మనవి.

2010లో మొదలైన వరుసలోని పెసో నోటు మీ దగ్గరుంటే తీసి చూడండి. మూలన వంకీలు తిరిగిన అక్షరాలు కొన్ని కనిపిస్తాయి. అది బైబాయిన్. స్పెయిన్ వాళ్లు రాకముందే తగలాగు జనం రాసుకున్న లిపి. 1593లో మనీలాలో అచ్చయిన ‘దొక్త్రినా క్రిస్తియానా’లో తగలాగు పాఠం ఈ లిపిలోనూ ఉంది.

తెలుగు వచ్చినవారికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. అచ్చులు మూడు, హల్లులు పద్నాలుగు. హల్లులో అకారం ఇమిడే ఉంటుంది. పైన చుక్క పెడితే ఇ లేదా ఎ, కింద పెడితే ఉ లేదా ఒ. మన గుణింతమే, రెండు గుర్తులతో సరిపెట్టారంతే. రెండు లిపులూ బ్రాహ్మీ సంతానమే కదా! పొల్లు మాత్రం లేదు. కొండను వాళ్లు బుందోక్ అంటారు, పాత పద్ధతిలో ‘బుదో’ అని రాసేవారు. మిగతాది చదివేవాడే పూరించుకోవాలి. 1620 ప్రాంతంలో ఫ్రాన్సిస్కో లోపెజ్ అనే మతగురువు పొల్లుకు శిలువ గుర్తు పెట్టి చూశాడు. అప్పట్లో అది జనంలో నాటుకోలేదు.

2018 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ కమిటీ ఒక బిల్లును ఆమోదించింది. బైబాయిన్‌ను జాతీయ లిపి చేయాలనీ, వీధి బోర్డుల మీద, ప్రభుత్వ భవనాల మీద, ఆహార సరుకుల లేబుళ్ల మీద రాయాలనీ దాని సారం. అది చట్టం కాలేదు. ఆ రూపంలో ఇకముందూ కాకూడదనే మా వాదన.

ఎందుకంటే బోర్డు మీది అక్షరాన్ని ఎవరూ చదవరు, చూసి పోతారు. చదివేవాళ్లు, రాసేవాళ్లు వేరే చోట ఉన్నారు. మిందొరో కొండల్లో హనునూవో, బుహిద్ తెగలవారికీ, పలావన్‌లో తగ్బాన్వాలకూ బైబాయిన్‌కు తోబుట్టువులైన లిపులు ఇంకా ఉన్నాయి. హనునూవోలు చాకుమొనతో వెదురు మీద చెక్కుతారు. పడుచువాళ్లు దాన్ని పెద్దల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకునేది చాలావరకు వలపు పాటల కోసం. పాదానికి ఏడక్షరాలుండే ఆ పాటలను అంబాహన్ అంటారు. ఆ పాటల కవి గినావ్ బిలోగ్‌కు 1993లో జాతీయ స్థాయి గౌరవం దక్కింది. 1999లో యునెస్కో ఈ లిపులను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. బిరుదులకు కొదవ లేదు, బళ్లో చోటే అరకొర. పైగా 2024 అక్టోబరులో వచ్చిన చట్టం, చిన్న తరగతుల్లో మాతృభాషలోనే బోధించాలన్న నిబంధనను తీసేసింది.

ఈ లిపులు నేర్చుకుంటే ఉద్యోగమొస్తుందా అని అడుగుతారు. ఉద్యోగానికి పనికొచ్చే రోమన్ అక్షరాలను తీసేయమని ఎవరన్నారు? అవి అలాగే ఉంటాయి. అసలు చిక్కు ఇంకోటుంది. తగలాగుల లిపిని దేశమంతటికీ రుద్దితే, ఇది ఎవరి లిపి అని ఇలొకానోలు, విసాయాలు వంటి ఇతర భాషలవారు అడగరా? అడగాలి కూడా.

బోర్డులకు పెట్టే డబ్బు ముందు మిందొరో, పలావన్ బడులకు వెళ్లాలి. లిపి తెలిసిన పెద్దలకు పట్టాలు అడగకుండా జీతమిచ్చి తరగతిలోకి పిలవాలి. ఏం నేర్పాలో, ఏది బయటపెట్టకూడదో ఆ తెగలే తేల్చాలి. వాచకాలు అచ్చు వేయడానికి సాంకేతిక సాకులు చెల్లవు, ఈ లిపులకు 2002 నుంచీ యూనికోడ్‌లో చోటుంది.

అక్కడ మనకు ఓటు లేదు. మీ ఫిలిపినో మిత్రులకుంది. బిల్లు మళ్లీ సభకొస్తే, ‘మొదటి ఖర్చు కొండ బడులకు’ అనే ఒక్క షరతు అందులో పెట్టమని తమ ప్రతినిధికి ఉత్తరం రాయమనండి.