గిగ్ కార్మికుల హక్కులు కొండల దాకా చేరాలి

యజమాని, ఉద్యోగి అనే సంప్రదాయ బంధానికి వెలుపల, చేసిన ప్రతి పనికీ విడిగా ప్రతిఫలం పొందే గిగ్ కార్మికులను నిర్వచించిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. యాప్‌ల ద్వారా పని అప్పగించే సంస్థలు, అంటే అగ్రిగేటర్లు, వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతాన్ని, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సామాజిక భద్రతా నిధికి జమ చేయాలని అది నిర్దేశిస్తోంది.

అయితే సీలేరు నదిపై జలాశయం, విద్యుత్ కేంద్రం ఉన్న డొంకరాయి వంటి ఏజెన్సీ గ్రామాల నుంచి విశాఖపట్నం, రాజమహేంద్రవరం వెళ్లి సరుకులు చేరవేసే యువకుడికి ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఆధార్‌తో నమోదు కాకపోతే ఈ రక్షణ కాగితానికే పరిమితమవుతుంది. అందువల్ల వారపు సంతల్లోనూ గ్రామ సచివాలయాల్లోనూ నమోదు శిబిరాలు జరపాలి. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో ప్రత్యేక చట్టాలు చేసినట్లే ఆంధ్రప్రదేశ్ కూడా గిరిజన శ్రామికులను మరవని నిబంధనలు రూపొందించడం తక్షణ కర్తవ్యం.