కోయాలా, విప్పాలా?

రాజేంద్రనగర్‌లో ఏళ్లుగా ఓ షెడ్డులో నిలిచిపోయిన అంబాసిడర్ కిందికి మొన్న తల వంచి చూశాను. వెనక కమాన్ కట్టలను యాక్సిల్‌కు బిగించిన యూ బోల్టులు, వాటి నట్లు తుప్పుతో ఒకే ముద్దయిపోయాయి.

"సార్, గ్యాస్ కట్టర్ పెడితే పది నిమిషాల పని" అన్నాడు మెకానిక్. "ఆగు నాయనా, నూనె పోసి చూద్దాం" అన్నాడు కారు సొంతదారైన పెద్దాయన. ఇద్దరి మాటలోనూ న్యాయముంది.

మెకానిక్ బాధ తేలిగ్గా తీసేయలేం. పట్టేసిన నట్టు మీద పానాకు పైపు తొడిగి గుంజితే బోల్టు ఉన్నట్టుండి తెగుతుంది, చెయ్యి చితుకుతుంది, జాకీ మీదున్న బండి కదులుతుంది. పైగా యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, విప్పాక కొత్తవి వేయాల్సిందే. పారేసేదాన్ని కాపాడటానికి ఒళ్లు హూనం చేసుకోవడం దేనికి?

పెద్దాయన భయమూ నిజమే. మంట తగిలితే కమాన్ పట్టీల పదను పోతుంది, రబ్బరు బుష్‌లు అంటుకుంటాయి. వెనకే పెట్రోలు ట్యాంకు. అంతకంటే ముఖ్యం, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనా నుంచి వచ్చిన ఈ అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు. కమాన్లను మోసే బిగింపులు బాడీలో భాగమే. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో దీని తయారీ 2014 మేలోనే ఆగిపోయింది. బోల్టు కొత్తది దొరుకుతుంది, బాడీ ఎక్కడ దొరుకుతుంది? 50 ఏళ్లు దాటిన కార్ల నమోదుకు 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కూడా బాడీ, ఛాసిస్, ఇంజిన్ మార్చకూడదనే అంటున్నాయి.

నా మటుకు, తొందరా ఓపికా అన్నది కాదు అసలు ప్రశ్న. ఏది తుక్కులోకి పోతుంది, ఏది కారుతో ఉండిపోతుంది అన్నదే చూడాలి. ముందు ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. బాడీని స్టాండ్ల మీద, యాక్సిల్‌ను జాకీ మీద నిలపాలి, లేకపోతే బరువంతా బ్రేకు గొట్టం మీద వేలాడుతుంది. ఆ తర్వాత యూ బోల్టులను గ్రైండర్‌తో కోసేయొచ్చు, అందులో తప్పు లేదు. కమాన్లను బాడీకి కలిపే షాకిల్ పిన్నుల దగ్గర మాత్రం మంట వద్దు. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, నూనె పోసి, రాత్రంతా నాననివ్వాలి.

అలాగే చేశారు. మర్నాడు పొద్దున షాకిల్ నట్టు కిర్రుమని పావు చుట్టు తిరిగింది. మెకానిక్ ఇంకా గుంజలేదు. వెనక్కి తిప్పి, మళ్లీ నూనె పోశాడు.